పాత పంటి ఆకారంలోనే

ఇల్లు, వీధి వైపు గది
సోమవారం

ఉడతా,

క్షేమం అడిగే ముందు తగాదా పెట్టుకుంటున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు చేసే పని ఇంత ఖరీదైనదని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు.

నా ముందు పన్ను సంగతి నీకు తెలుసుగా, పైవరసలో ఎడమది. నువ్వు మా ఇంట్లో పెరిగే రోజుల్లోనే మెట్ల మీద జారి సగం ఊడగొట్టుకున్నాను. మిగిలిన సగానికి ఎవరో ఏదో పూసి అతికించారు. అది ఇన్నేళ్ళూ నాతో పాటు క్లారినెట్ వాయించింది. పోయిన నెలలో లోపల పుచ్చి, నొప్పి చెవిదాకా పాకింది. మీ అత్తయ్య చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. రూట్ కెనాల్ అయింది, నొప్పి పోయింది. హమ్మయ్య అనుకునేలోపు ఆవిడ, "దీనికి క్రౌన్ వేయాలండీ" అని ధర చెప్పారు. కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది, నిలబడి ఉంటే పడిపోయేవాణ్ణి.

నొప్పే లేనప్పుడు టోపీ ఎందుకు? అదీ గోరంత పంటికి, నా నెల జీతంలో సగమా? అదే అడిగాను. ఆవిడ నవ్వి, "క్రౌన్లు మేం చేయించేది మీ మేనకోడలు పనిచేసే ల్యాబ్‌లోనే కదా, ఆవిణ్ణే అడగండి" అన్నారు. వారం వారం ఇక్కణ్ణుంచి మీకు పళ్ళ అచ్చుల డబ్బా వస్తుందట. ఈ ఉత్తరం అందులోనే పెట్టమన్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో మాట్లాడేది మీ అత్తయ్య, నేను పక్కన నిలబడి తలూపేవాణ్ణి.

తొందర ఎందుకంటే, మా వాద్యబృందంలో ఆడిషన్ దగ్గరపడుతోంది. ఏటా ఉండేదే. తెర వెనక ఒక్కొక్కరి చేతా వాయింపిస్తారు, ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో మాస్టారు మొహం చూడకుండా చెవులతో తేలుస్తారు. మొదటి క్లారినెట్ కుర్చీ ఇప్పటిదాకా నాది. ఈసారి పెద్ద కచేరీలో క్లారినెట్ ఒక్కటే వాయించే ఘట్టం ఉంది. మిగతా అందరూ వాయిద్యాలు దించి కూర్చుంటారు. అలాంటిది నా ఉద్యోగంలో ఒక్కసారీ రాలేదు, రిటైరయ్యేలోపు మళ్ళీ రాదు. అది మొదటి కుర్చీ వాళ్ళదే. నోరు సరిచేసుకోకుండా అక్కడికి వెళ్ళలేను, ఇంత డబ్బు నా నోట్లో పోసుకోవడానికి మనసూ ఒప్పడం లేదు. మీ అత్తయ్య కళ్ళద్దాలు మార్చుకోవాలని ఏడాదిగా అనుకుంటోంది.

చెప్పు, వేయించనా, మానెయ్యనా?

మావయ్య


పింగాణీ గది
శుక్రవారం

మావయ్యా,

నీ ఉత్తరం ప్లాస్టర్ పొడి పూసుకుని తెల్లగా వచ్చింది. తగాదాకి వచ్చేవాళ్ళు అలా రారు.

వేయించు. రూట్ కెనాల్ తర్వాత పంటిలో నరం ఉండదు, రక్తం ఉండదు. నొప్పీ ఉండదు, ప్రాణమూ ఉండదు. ఎండిన పుల్ల అన్నమాట. ఏదో ఒకరోజు గట్టిది కొరుకుతావు, నిలువునా చీలుతుంది. చీలిక చిగురు కిందికి పోయిందంటే ఇక పీకడమే. క్రౌన్ పని అందానికి కాదు. పంటిని చుట్టూ చెక్కి, మిగిలిన మొద్దుకి దీన్ని బిగుతుగా తొడిగితే, కొరికిన బరువు ఒక్కచోట పడకుండా మొత్తం మీద పంచుకుంటుంది. ముందు పళ్ళకి అందరికీ అవసరం రాదు. నీది సగం మెట్ల మీదే పోయింది కాబట్టి ఉన్న సగాన్ని కాపాడుకోవాలి.

ఖరీదంతా ఆ గోరంత ముక్కదే అనుకోకు. డాక్టరమ్మ చేతిపని అందులో ఉంది. మా దగ్గరికొస్తే, అచ్చులోంచి ప్లాస్టర్ పన్ను, దాని మీద మైనం పన్ను, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం, లోహం మీద సిరామిక్ పొడి తడిపి కుంచెతో ఒక్కో పొర. పొర పొరకీ కొలిమి. కాలితే కుంచించుకుపోతుంది, మళ్ళీ పూయాలి. ఒక్కోసారి ఆఖరి కాల్పులో పగిలి కథ మొదటికొస్తుంది. పోయినవాటి ఖర్చు ఉన్నవాటి మీదే కదా వేయాలి. వట్టి లోహంతో చవగ్గా అవుతుంది గానీ, ముందు పంటికి వేస్తే నువ్వు నవ్వినప్పుడల్లా నోట్లో తాళంచెవి పెట్టుకున్నట్టుంటుంది.

నీ పన్ను నేనే చేస్తాను. ఇక్కడ నాకు దవడ పళ్ళే ఇస్తారు, ముందు పళ్ళు కిటికీ పక్క బల్లవాళ్ళవి. ఇంటివాళ్ళ పని అని మా ల్యాబ్ పెద్దాయన్ని బతిమాలాను. సరే అన్నాడు, ల్యాబ్ ఖర్చు కూడా వద్దన్నాడు. డాక్టరమ్మ వంతు మాత్రం నువ్వు ఇచ్చుకో. ఆవిడ చేతిలో డ్రిల్ ఉన్నప్పుడు బేరమాడకు. అత్తయ్య కళ్ళద్దాలు ఇంకెవరి నోట్లోకీ పోకుండా చూడు.

పోయిన ఏడాది కచేరీకి వస్తానని రాలేదు. నువ్వు ఒక్క మాట అనలేదు గానీ, ముందు వరసలో ఖాళీ కుర్చీ ఉంచావని అత్తయ్య చెప్పింది. అప్పటినుంచీ అది నాకు పంటి కింద రాయిలా ఉంది. ఆ జరిమానా ఇలా కట్టుకోనీ.

ఉడత


పింగాణీ గది
గురువారం

మావయ్యా,

ఈ డబ్బాలో నీ పన్ను ఉంది. డాక్టరమ్మ కంటే ముందు నువ్వు చూడాలని ఉత్తరం పైన పెట్టమన్నాను.

వెలుతురులో పట్టుకుని చూడు. మెడ దగ్గర కాస్త పసుపు, మధ్యలో పాలమీగడ, అంచున నీలంగా కనీకనపడని పొర. పక్క పంటి మీద ఉన్న సన్నటి గీత కూడా దీని మీద దింపాను. నీ పాత పన్ను అరిగిన మెట్టులా ఒక పక్కకి వాలి, పొట్టిగా ఉండేది. ఆ వాలు తీసేసి పక్కదానికి సమానంగా చేశాను. కచేరీలో దీపాలు మొహం మీద పడితే పదేళ్ళు తగ్గి కనిపిస్తావు.

చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని క్లారినెట్ రీడు, ఆ ఊదే చోట బిగించే సన్నటి రెల్లు పలక, గీకి ఇస్తే, నోట్లో పెట్టి ఒక్క ఊదు ఊది, "బాగాలేదు" అని వెనక్కిచ్చేవాడివి. మళ్ళీ గీకితే మళ్ళీ బాగాలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నా కనికరించేవాడివి కాదు. ఈసారి ఆ మాట నీ నోట రాదు.

ఒక్కటే జాగ్రత్త. డాక్టరమ్మ ముందు తాత్కాలిక సిమెంటుతో అతికిస్తారు. రెండు వారాలు వాడి చూడు. ఎత్తు, వాలు, మాట, వాయింపు, దేంట్లో తేడా ఉన్నా చెప్పు, తీసి నాకు పంపేస్తారు. శాశ్వతంగా అతికించాక తీయాలంటే కోయడమే.

ఉడత


ఇల్లు
బుధవారం

ఉడతా,

బ్రహ్మాండం. డాక్టరమ్మ అద్దం ఇస్తే ఎవరో అనుకుని పలకరించబోయాను. మీ అత్తయ్య నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి నోరు తెరిపించి, పక్కింటావిణ్ణి పిలిచి, "ఏది కొత్తదో చెప్పుకో చూద్దాం" అంది. ఆవిడ చూసి చూసి కుడిదాన్ని చూపించింది. పాపం, అది నా సొంతది.

క్లారినెట్ కూడా బాగానే ఉంది. కొత్త చెప్పులు కదా, కొన్నాళ్ళు కరుస్తాయి.

నువ్వు చెప్పిన రెండు వారాలూ ఆగాను. నిన్న వెళ్ళి శాశ్వతంగా అతికించేయమన్నాను. ఇంత మంచి పనిని ఊగిసలాటలో ఉంచడం దేనికి? నా కోసం పెద్దాయన్ని బతిమాలావు, ఎంత శ్రమపడ్డావో ఆ సన్నటి గీతే చెబుతోంది. నాకు కాస్త సిగ్గుగా ఉంది. నేను నీకు అన్నిసార్లు బాగాలేదని చెప్పి ఉండాల్సింది కాదు.

ఆరోగ్యం చూసుకో. ఆ పొడి పీల్చకు, గుడ్డ కట్టుకో.

మావయ్య


పింగాణీ గది, కిటికీ పక్క బల్ల
సోమవారం

మావయ్యా,

పైన రాసింది మళ్ళీ చదువు. కిటికీ పక్క బల్ల.

నీ ఉత్తరం మా పెద్దాయనకి చదివి వినిపించాను, పక్కింటావిడ కుడిదాన్ని చూపించిన చోట రెండుసార్లు. ఆయన ఎప్పుడూ నవ్వడు, నవ్వాడు. నీకు పంపే ముందు నేను తీసిన ఫోటో పెద్దది చేయించి, గుమ్మం పక్క అద్దాల బీరువాలో పెట్టించాడు. వచ్చిన డాక్టర్లందరూ ముందు నీ పన్నునే చూస్తారు. మర్నాడే ఈ బల్ల నాకిచ్చాడు. ఇక్కడ మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది, పళ్ళ రంగు అసలు రంగులా కనిపిస్తుంది. ఇంక నావన్నీ ముందు పళ్ళే.

ఆడిషన్ ఎలా అయింది? ఆ ఘట్టం సాధన చేస్తున్నావా? ఈసారి కచేరీకి సెలవు ముందే అడిగి పెట్టాను. ఆ ముందు వరస కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వకు.

ఉడత


ఇల్లు
ఆదివారం

ఉడతా,

బల్ల సంగతి చదివి మీ అత్తయ్య వీధంతా చెప్పింది. నాకు చాలా సంతోషం.

ఇక్కడ వానలు. మా రిహార్సల్ గదిలో పెద్ద డ్రమ్ము మీదే కురుస్తోంది, తాళం తప్పడం లేదని మాస్టారు మెచ్చుకున్నారు. వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. దానికీ మీ అత్తయ్యకీ మాటల్లేవు.

ఆడిషన్ అయింది. ఎప్పటిలాగే తెర, ఎప్పటిలాగే అవతల ఎవరిదో దగ్గు. కచేరీకి నువ్వు అంత దూరం నుంచి రావక్కర్లేదులే. కొత్త బల్ల, కొత్త బాధ్యత, ఇప్పుడే సెలవు పెడితే బాగుండదు.

అన్నట్టు, మా బృందంలో ట్రంపెట్ వాయించే ఆయన ఒక సందేహం అడిగాడు. ఆయనకీ క్రౌన్ ఉంది. శాశ్వతంగా అతికించాక తీయాల్సి వస్తే ఎలా తీస్తారు? పన్ను ఉంటుందా? ఊరికే తెలుసుకుందామని.

మావయ్య


పింగాణీ గది
శుక్రవారం

మావయ్యా,

ఇంత పొట్టి ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. వానకి సిరా ఆరలేదా?

మీ ట్రంపెట్ ఆయనకి చెప్పు, ఊరికే తెలుసుకోవాల్సిన సంగతి కాదిది. క్రౌన్‌ని నిలువునా కోసి, రెండు ముక్కలుగా విడదీసి తీస్తారు. లోపల మొద్దు గట్టిదైతే నిలుస్తుంది. ఎండిన పన్నైతే క్రౌన్‌తో పాటు విరిగి వచ్చేయొచ్చు. అప్పుడు వేరు కూడా పీకాలి. అయినా ఆయనకి తాత్కాలిక సిమెంటుతో పెట్టి చూడలేదా? తేడా ఉంటే అప్పుడే చెప్పాలి. ఇబ్బందిగా ఉన్నా నోరు మూసుకుని శాశ్వతంగా అతికించుకునేంత బుద్ధిలేని మనిషి ఉంటాడా?

సెలవు ఇచ్చారు. వస్తున్నాను. నువ్వు ఏ కుర్చీలో ఉన్నావో రాయనేలేదు, అంటే మొదటిదేగా.

ఉడత


ఇల్లు, వంటగది
మంగళవారం

అమ్మాయ్,

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదు. మీ మావయ్య రిహార్సల్‌కి వెళ్ళారు, తిరిగొచ్చేలోపు ఇది డాక్టరమ్మ డబ్బాలో పడాలి.

ట్రంపెట్ ఆయనకి క్రౌన్ లేదు. పళ్ళన్నీ సొంతవే, నేను కనుక్కున్నాను.

నీకు క్లారినెట్ సంగతి చెప్పనక్కర్లేదు. మౌత్‌పీస్ మీద పైపళ్ళు ఆనించి పట్టుకుంటారు కదా. ఇన్నేళ్ళూ మీ మావయ్య పట్టు ఆ వాలు పంటి మీదే ఉంది. పన్నూ మౌత్‌పీసూ ఒకదాన్నొకటి అరగదీసుకుని ఒద్దికగా సర్దుకున్నాయి. ఇప్పుడు ఆ పన్ను పొడుగైంది, వాలు లేదు. మౌత్‌పీస్ కుడి పక్కకి జారిపోతోంది, పెదవి మూల నుంచి గాలి పోతోంది, పెద్ద స్వరం ఎత్తుకుంటే కీచుమంటోంది. మొదటి రోజు నుంచీ ఇంతే. కొత్త చెప్పులు అన్నారే, అది నన్ను కూడా నమ్మించడానికే.

ఆడిషన్‌లో తెర వెనక రెండుసార్లు కీచుమందట. మాస్టారు ఎప్పుడూ తెర తీయరు. ఆ రోజు తీసి చూశారట, ఈ కొత్త మనిషి ఎవరా అని. ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్క చెప్పి పడుకున్నారు. పక్క కుర్చీ ఆవిడకి మొదటి కుర్చీ ఇచ్చారు. ఆ ఘట్టం ఆవిడే వాయిస్తుంది. ఈయన్ని ఆఖరి కుర్చీలో వేశారు. అక్కడ కూడా కష్టమైన చోట్ల వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారట. ఇంట్లో పెట్టె తెరవడమే మానేశారు.

నీ ఉత్తరంలో బుద్ధిలేని మనిషి అని ఉందే, అది నాకు పైకి చదివి వినిపించి నవ్వారు. నవ్వితే ఆ పన్ను ఎంతో బాగుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది.

నిన్ను అనడం లేదు. అంటే, కాస్త అంటున్నాను.

అత్తయ్య


పింగాణీ గది
శనివారం

మావయ్యా,

అత్తయ్యని ఏమీ అనకు. ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నీ పాత పంటి నమూనాతో పాటు డాక్టరమ్మ చీటీ పంపారు. అందులో, "పాత పంటి ఆకారంలోనే చేయాలి" అని రాసి కింద గీత గీశారు. నేను చదివాను. నువ్వు పన్ను ఎక్కడ ఆనిస్తావో కూడా నాకు తెలుసు, చిన్నప్పుడు రోజూ ఎదురుగా కూర్చుని చూసినదాన్ని. అయినా ఆ చీటీ పక్కన పెట్టేశాను. క్రౌన్ పని అందానికి కాదని నీకు పాఠం చెప్పింది నేనే. వాలు పన్ను ఫోటోలో బాగుండదు మావయ్యా, అదే నా బుర్రలో ఉంది. పన్ను చేస్తున్నంతసేపూ నా కన్ను కిటికీ పక్క బల్ల మీద ఉంది. సగం నీ కోసం చేశాను, సగం దాని కోసం. ఏ సగం పెద్దదో ఇప్పుడు నాకు తెలుస్తోంది.

నీ కుర్చీ పోయి నాకు బల్ల వచ్చింది. ఇక్కడ కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. బీరువాలో ఫోటో నేనే తీసేశాను. చీటీ సంగతి పెద్దాయనకి చెప్పాను, బల్ల తిరిగిచ్చేస్తానన్నాను. ఆయన, "ముందు ఆ పన్ను సరిచెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాడు.

సరిచేయాలంటే కోయాలి. లోపల మొద్దు విరిగితే పన్నే పోతుంది, ఆ తర్వాత ఏం పెట్టినా పాత పట్టు రావడం కష్టం. కోయకపోతే అందమైన పన్ను ఉంటుంది, వాయించడం ఉండదు. కోయించుకో అని చెప్పే హక్కు నాకు లేదు. నువ్వు వద్దంటే ఇంకోసారి అడగను.

ఒకవేళ సరే అంటే, నీ మౌత్‌పీస్ పంపు. పాత నమూనా ఇక్కడ లేదు, పనైపోయిన ప్లాస్టర్లు కొన్నాళ్ళకి పారేస్తాం. నీ పన్ను ఆకారం మిగిలింది దాని మీదే.

ఉడత


ఇల్లు, వీధి వైపు గది
గురువారం

ఉడతా,

ముందు మీ అత్తయ్య మీద గట్టిగా అరిచాను. తర్వాత వంటింటి కుళాయి బాగుచేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

తప్పంతా నీ ఖాతాలో వేసుకుని పోవాలని చూడకు. ఆ రోజు డాక్టరమ్మ పన్ను పెట్టి చూసి, "ఇది పాత ఆకారం కాదండీ, వెనక్కి పంపనా?" అని అడిగారు. నీ ఉత్తరం అప్పటికి నా జేబులో ఉంది. పదేళ్ళు తగ్గుతావు అన్న ముక్క కుర్చీలోనే చదువుకున్నాను. వద్దు, ఇలాగే ఉండనివ్వండి అన్నాను. రెండు వారాల తర్వాత కూడా అడిగారు. అప్పటికి ఇంట్లో రోజూ కీచుమంటోంది. అయినా అతికించమన్నాను. నువ్వు చీటీ చదివీ పక్కన పెట్టావు, నేను ప్రశ్న వినీ తోసేశాను.

నువ్వు బాధపడతావని అబద్ధం చెప్పాను అనుకుంటూ వచ్చాను. అది సగమే. ఆడిషన్ రోజు తెర తీసినప్పుడు నీ మీద కోపం వచ్చింది. చాలా వచ్చింది. నిన్ను పెంచినవాణ్ణి, నీ మీద అంత కోపం వచ్చినందుకు సిగ్గేసి, అది కనపడకుండా సంతోషం అని రాశాను. ఆ ట్రంపెట్ ఆయన్ని పుట్టించింది కూడా అందుకే. చిన్నపిల్లవని చూడకుండా రీడు బాగాలేదని నీ మొహాన చెప్పాను. పెద్దదానివై, నీ పని నువ్వు నేర్చుకున్నాక, నీ పని గురించి ఒక్క నిజం చెప్పలేకపోయాను. ఆ ఒక్క మాట అని ఉంటే రెండు వారాల్లో తేలిపోయేది. నీ వల్ల పోయింది కొంత, మిగతాదంతా నేనే పోగొట్టుకున్నాను.

కోయించుకుంటాను. విరిగితే విరుగుతుంది. వాయించని నోట్లో ఏ పన్ను ఉంటే ఏంటి? మంగళవారానికి డాక్టరమ్మ దగ్గర చెప్పాను.

మౌత్‌పీస్ నా పాత సాక్సులో చుట్టి పెట్టాను, ఉతికిందే. అది ఇంట్లో లేకపోతే పెట్టె తెరిచే ఆశ కూడా ఉండదు. జాగ్రత్తగా చూడు.

మావయ్య


పింగాణీ గది
బుధవారం

మావయ్యా,

పోయిన వారం కొత్త అచ్చు వచ్చింది. "మొద్దు నిలిచింది, వెనక చిన్న పెచ్చు లేచింది, భయం లేదు" అని డాక్టరమ్మ రాశారు. చదివి పని పక్కన పెట్టాను. లోపల కూర్చుని గుడ్డ కట్టుకుని ఏడిస్తే ఎవరికీ తెలియదు, ఈ ఉద్యోగంలో అదొక సుఖం.

నీ మౌత్‌పీస్ మీద రెండు గుంటలున్నాయి. కుడిది పైపైన ఉంది. ఎడమది లోతుగా, ఒక పక్కకి వాలి ఉంది. కొత్త అచ్చుతో చేసిన నీ పై పళ్ళ ప్లాస్టర్ తెచ్చి, కుడి పన్నుని దాని గుంటలో కూర్చోబెట్టి, ఎడమ గుంటకీ మొద్దుకీ మధ్య ఉన్న ఖాళీలో మైనం పోశాను. ఆరాక తీసి చూస్తే నీ పాత పన్ను. ఇంత వాలు ఉంటుందని నాకు గుర్తే లేదు. దాన్నే లోహంలో, సిరామిక్‌లో దింపాను. గీతలూ నీలాలూ ఏమీ పెట్టలేదు.

పెద్దాయన వచ్చి చూసి, "ఇదేంటమ్మా, అరిగిపోయిన పన్ను చేశావు?" అన్నాడు. అవునన్నాను. చీటీ తీసి చదువుకుని, తిరిగి అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. బల్ల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చేస్తున్నంతసేపూ నా పాత బల్ల దగ్గరే చేశాను.

మౌత్‌పీస్ అదే సాక్సులో తిరిగి పంపుతున్నాను. కచేరీకి వస్తున్నాను. నువ్వు ఆఖరి కుర్చీలో ఉంటే ఆఖరి వరసలో కూర్చుంటాను.

తాత్కాలిక సిమెంటు గురించి మళ్ళీ రాయను. నీకు తెలుసు.

ఉడత


ఇల్లు
మంగళవారం

ఉడతా,

కచేరీ నాడు నువ్వు వెనక స్తంభం పక్కన కూర్చున్నావు, నేను చూశాను. మేమందరం వాయిద్యాలు దించి కూర్చున్నప్పుడు ఆవిడ లేచి ఆ ఘట్టం వాయించింది. చాలా బాగా వాయించింది. ఆ మాట వెళ్ళి ఆవిడకి చెప్పాను, నిజంగానే చెప్పాను. అప్పటికి నా నోట్లో నీ డబ్బా పన్ను పెట్టలేదు, డాక్టరమ్మ ఇచ్చిన ప్లాస్టిక్ ముక్కే ఉంది, అరువు మౌత్‌పీస్‌తో ఆఖరి కుర్చీలో నెట్టుకొచ్చాను. తర్వాత గుమ్మంలో నిన్ను చూసి బస్సు వేళ అడిగాను. నువ్వు కూడా బస్సు వేళే చెప్పావు. ఇంటికొచ్చాక మీ అత్తయ్య మనిద్దర్నీ కలిపి తిట్టింది.

మర్నాడు డాక్టరమ్మ నీ పన్ను తాత్కాలికంగా పెట్టారు. ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. సాక్సులోంచి మౌత్‌పీస్ తీసి బిగించి, కింది స్వరం ఒకటి పట్టాను. జారలేదు. మూల నుంచి గాలి పోలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఊపిరి ఉన్నంతసేపూ పట్టాను. మీ అత్తయ్య గుమ్మం దాకా వచ్చింది గానీ లోపలికి రాలేదు. వెనక్కి వెళ్ళి గిన్నెలు మళ్ళీ మొదలుపెట్టింది. కాసేపాగి, "ఆపేశారేం?" అని అక్కణ్ణుంచే అరిచింది.

వచ్చే ఏడాది మళ్ళీ తెర ఉంటుంది. ఆ ఘట్టం ఉండదు. ఆ రెండూ నాకు తెలుసు, వాటి గురించి నువ్వు మళ్ళీ ఉత్తరం రాయకు.

వారం రోజులు వాయించాను. పెద్ద స్వరాల్లో ఒకచోట ఇంకా కొద్దిగా గీరుకుంటోంది. డాక్టరమ్మ చూసి, "ఇది చాలా బాగుందండీ, అతికించేద్దామా?" అన్నారు. వద్దు, తీయండి అన్నాను.

ఈ ఉత్తరం కింద, దూదిలో, నీ పన్ను ఉంది. మౌత్‌పీస్ కూడా సాక్సులో పెట్టాను.

బాగాలేదు. ఎడమ అంచు వెంట్రుకవాసి ఎక్కువుంది. మళ్ళీ గీకి పంపు.

మావయ్య